కాపు లేని కాయ

నా పెళ్ళి చూడ్డానికని మలయా నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి మా వదిన. మా ఆయనకు ఒక్కగానొక్క అక్క. అక్కడ ఒక రబ్బరు తోటలో ఆమె భర్త గుమాస్తా. ఆయనకు సెలవు దొరకలేదు. తమ్ముడి పెళ్ళి చూసుకుని, దీపావళి అయ్యాక తిరుగు ప్రయాణం కట్టాలని ఆమె ఒక్కతే రాజపాళయంలో పుట్టింటికి వచ్చింది. దీపావళి అయింది. వానలు తగ్గాక బయల్దేరదామని ఇంకొంచెం ఆగింది. అంతలో జపాను వాళ్ళు మలయా మీద పడ్డారు. ఓడలు ఆగిపోయాయి, ఉత్తరాలు ఆగిపోయాయి. భర్త ఉన్నాడో లేడో తెలియని ఆడమనిషిగా ఆమె మా ఇంట్లోనే నిలిచిపోయింది.

నా పుట్టిల్లు మంసాపురం. మా మామగారు మా అమ్మకు సొంత అన్న. అయినా పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ తప్ప మేము రాజపాళయం వచ్చింది తక్కువ. కోడలిగా వచ్చేటప్పుడు ఆ ఇంటి గురించి నేను చాలా ఊహించుకున్నాను. అత్తగారు అప్పటికే పోయారు. ఇంటికి నేనే పెద్దదాన్ని అవుతాననీ, సామాన్ల గది తాళాలు నా కొంగుకే ఉంటాయనీ అనుకున్నాను. తాళాలు వదిన నడుముకు ఉండేవి. పెళ్ళి పనుల కోసం ఎవరో ఆమెకిచ్చారు, తిరిగి తీసుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. నాకు మాత్రం అడగడానికి నోరెలా వస్తుంది?

ఊరంతా ఆమెను చూసి జాలిపడేది. పెళ్ళికి వెళితే ముందు ఆమెనే కూర్చోబెట్టి, "ఏదన్నా తెలిసిందా అమ్మా?" అని మెల్లగా అడిగేవారు. పక్కనే పట్టుచీర కట్టుకుని కొత్త పెళ్ళికూతుర్ని నేను నిలబడి ఉండేదాన్ని. నా వైపు చూసేవారు లేరు. ఆమె బాధ మీద కూడా నాకు అసూయ కలిగేదంటే ఎవరూ నమ్మరు. అందరూ జాలిపడే మనిషిని చూసి అసూయపడటంలో ఒక చిక్కుంది. దాన్ని ఎవరి దగ్గరా చెప్పుకోలేం. పుట్టింటికి పోయినప్పుడు అమ్మ దగ్గర కూడా నేను నోరు విప్పలేదు.

అన్నిటికన్నా నన్ను కాల్చింది వాళ్ళ చదరంగం.

మా ఆయన పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో లెక్కలు చూసేవారు. సాయంత్రం పని విడిచే సంగు ఊదాక ఇంటికొచ్చి, జుట్టులో చిక్కుకున్న దూది పీచులు దులుపుకుని, కాళ్ళు కడుక్కుని, నేరుగా వసారాలోకి వెళ్ళేవారు. అక్కడ వదిన గుడ్డ పరిచి సిద్ధంగా ఉండేది. పాత పట్టుచీర ముక్కల్ని గళ్ళుగా కుట్టిన గుడ్డ అది. చదరంగం పావుల్ని మా ఇంట్లో కాయలనేవారు. కర్రతో చేసి ఒక జట్టుకు ఎర్ర లక్క, ఒక జట్టుకు పచ్చ లక్క పూశారు. వాడి వాడి గుర్రాల ముక్కులు అరిగిపోయాయి. నేను కాఫీ తెచ్చి పెట్టి స్తంభం పక్కన నిలబడేదాన్ని. వాళ్ళు కాఫీ గ్లాసు అందుకునేవారు గానీ, తెచ్చిన చేతిని చూసేవారు కాదు.

మాటలు కూడా నాకు అర్థమయ్యేవి కావు. ఆమె ఒక కాయ జరిపి, "మామిడితోపు మాదిరి అయ్యింది చూడు" అనేది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవారు. మామిడితోపులో చిన్నప్పుడు ఏం జరిగిందో నాకెవరూ చెప్పలేదు. ఒకసారి అడిగాను. "అదంతా చెప్తే నవ్వు రాదులే" అన్నారాయన. ఆ మాట విని లోపలికి పోయి రసం తాలింపు మాడ్చాను.

ప్రతి ఆటా వదినే గెలిచేది. గెలిచినప్పుడు ఆమె ముఖం కొంచెం వెలిగేది. ఆ వెలుగు చూసి ఆయన సంతోషించేవారు. ఓడిపోయి సంతోషించే మనిషిని చూడటం నాకు అదే మొదలు.

ఆ ఏడాది వేసవిలో చోళపురం పొలం నుంచి వస్తూ మామ బండి మీంచి జారిపడ్డారు. తుంటి ఎముక దెబ్బతింది. వెనక పంచలో, తాళ్వారంలో నులకమంచం వేసి పడుకోబెట్టాం. మధ్యాహ్నం వదిన కాసేపు కునుకు తీసేది. ఆ వేళ మామకు మజ్జిగ ఇచ్చి, విసురుతూ కూర్చోవడం నా వంతు. ఒకరోజు కాయల సంచి తీసుకెళ్ళి ఆయన మంచం పక్కన పెట్టాను.

"మామా, ఈ ఆట నాకు నేర్పించండి."

"ఏంటికి?"

"సుమ్మా, ఊరికే. పొద్దు పోయేదానికి."

ఆయన నా ముఖంలోకి చూశారు. "అంతా నీ అమ్మ మాదిరే. చిన్నప్పుడు నాకు కొత్త పంచె తెచ్చినారంటే ఆమె ముక్కు ఎర్రగా అయిపొయ్యేది. ఇప్పుడు నీ ముక్కు అట్లే ఉండాది."

నేను ముక్కు మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆయన నవ్వి, గుడ్డ పరవమన్నారు.

ఏనుగు నిటారుగా పోతుంది, ఒంటె మూలగా పోతుంది, గుర్రం ఎగిరి దూకుతుంది. ఈ నడకలు త్వరగానే పట్టుకున్నాను. కానీ ఆడటానికి కూర్చుంటే కాయలన్నీ నాకు కలగాపులగంగా కనిపించేవి. మామ చేతిలో నా ఏనుగులూ గుర్రాలూ ఒక్కొక్కటే పోయేవి. పోయాక గానీ, పోతుందని నాకు తెలిసేది కాదు.

"నువ్వు కాయను చూస్తావు, కాయ వెనక చూడవు" అన్నారు మామ. గుడ్డ మీద అన్నీ తీసేసి ఒక పచ్చ గుర్రాన్ని మధ్యలో పెట్టారు. దాని వెనక మూలగా ఒక పచ్చ బంటును పెట్టారు. "ఇప్పుడు ఎర్ర ఏనుగు వచ్చి ఈ గుర్రాన్ని కొట్టిందనుకో. ఏమయితాది?"

"గుర్రం పోతుంది."

"అప్పురం? దాని తర్వాత?"

నేను ఆలోచించాను. "బంటు ఏనుగును కొడుతుంది."

"సరి. గుర్రానికి కాపు ఉండాది. అందుకే ఏనుగు దాని జోలికి రాదు." బంటును తీసి పక్కన పడేశారు. "ఇప్పుడో?"

"ఇప్పుడు గుర్రం ఊరికే పోతుంది."

"అంతే. ఇది కాపు లేని కాయ. ఆటంతా నేర్చుకోవద్దు. ముందర ఇది ఒకటి చూడు. ఒక్కో కాయ దగ్గరికి పోయి, నిన్ను కొడితే తిరిగి కొట్టేవాళ్ళు ఎవరుండారని అడుగు. ఎవరూ లేరంటే దాన్ని గుర్తు పెట్టుకో."

ఆ రోజు నుంచి ఆయన ఆట ఆడనివ్వలేదు. కాయల్ని ఎట్లాగో పేర్చి, ఎర్రవాటిలో కాపు లేనివి ఏవో చెప్పమనేవారు. నేను వేలితో తాకి చూపించేదాన్ని. మొదట్లో ఎదురుగా నిలబడ్డవి మాత్రమే కనబడేవి. గుడ్డకు ఆ చివర మూలన ఉన్న ఒంటె, దూరం నుంచే ఇంకో కాయను కాస్తూ ఉంటుందని తట్టేది కాదు. నిదానంగా అదీ కనపడసాగింది. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు ముందు అన్నీ తెల్లగానే ఉంటాయి, కన్ను అలవాటుపడ్డాక రాయే ముందు కనిపిస్తుంది. అట్లాగే కాపు లేని కాయ ముందు కనిపించడం మొదలైంది.

ఇంకో మాట కూడా ఆయన చెప్పారు. "ఎదురు మనిషి కాయ జరిపితే, అది పోయిన చోటు అందరూ చూస్తారు. అది విడిచిపెట్టి వచ్చిన చోటు చూడు. అక్కడ ఉండి అది ఎవరిని కాస్తా ఉండెనో, వాళ్ళు ఇప్పుడు ఒంటి."

ఆ సాయంత్రం కాఫీ ఇచ్చి స్తంభం పక్కన నిలబడ్డప్పుడు, గుడ్డ మీద ఏం జరుగుతోందో నాకు మొదటిసారి అర్థమైంది. వదిన ఎర్ర ఏనుగును వెనక వరస నుంచి ముందుకు తోసింది. నేను ముందు చూడలేదు, వెనక చూశాను. ఇంతసేపూ ఆ ఏనుగు అదే వరసలో ఓరన ఉన్న గుర్రాన్ని కాస్తూ ఉంది. ఇప్పుడు గుర్రానికి ఎవరూ లేరు. మా ఆయన పచ్చ ఒంటె మూలగా సరిగ్గా ఆ గుర్రం మీదికే ఉంది. మధ్యలో అడ్డం ఏమీ లేదు.

ఇప్పుడు కొడతారు, ఇప్పుడు కొడతారు అని చూశాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని ఒక బంటును జరిపారు.

చూసుకోలేదేమో అనుకున్నాను. మరునాడు ఇంకో ఆటలో మళ్ళీ అట్లాగే జరిగింది. ఆ తర్వాత కూడా. ఒకరోజు ఆయన వేళ్ళు ఒంటె తల దాకా వెళ్ళాయి. తాకి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి వచ్చి పక్కనున్న ఏనుగును పట్టుకున్నాయి. అప్పుడు తెలిసింది. ఆయన అన్నీ చూస్తున్నారు. చూసి వదిలేస్తున్నారు.

కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే మొదటి ముద్దకే కనిపెట్టే మనిషి ఆయన. పంచె మీద నీలిమందు ఒక చోట ముద్దగా అంటితే పిలిచి చూపించేవారు. నా దగ్గర ఒక్క పొరపాటు వదలని మనిషి, అక్క పొరపాట్లు వరసగా ఒకదాని వెనక ఒకటి వదిలేస్తున్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇంత మెత్తదనం ఈయనలో ఉందని తెలిసింది, అది నాకు కాదని కూడా అప్పుడే తెలిసింది.

పత్తి తీత రోజుల్లో ఆయన కూలీలను చూసుకోవడానికి చోళపురం వెళ్ళి అక్కడే ఉండిపోవలసి వచ్చింది. మొదటి సాయంత్రం వదిన అలవాటు కొద్దీ గుడ్డ పరిచి, కాయలన్నీ పేర్చి, ఎదురుగా ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చినట్టు చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

"నేను ఆడతాను వదినా" అన్నాను.

"నీకు వచ్చునా?"

"మామ నేర్పించినారు."

ఆమె కనుబొమలు పైకి లేచాయి. పచ్చ కాయల్ని నా వైపు తిప్పింది.

ఆమె ఎప్పటిలా ఆడింది, చూపు గుడ్డ మీద ఉన్నా మనసు మరెక్కడో పెట్టుకుని. కాసేపటికే ఒక గుర్రాన్ని ఒంటరిగా వదిలింది. నేను కొట్టేశాను. ఆమె చిన్నగా ఉలిక్కిపడింది. ఆ తర్వాత ఏనుగు. దాన్నీ కొట్టాను. కాయను కాయతో టక్కున కొట్టిన చప్పుడు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నా చేత్తో నేను తీసుకున్న మొదటి వస్తువు ఆ అరిగిపోయిన గుర్రం. ఇంకొన్ని ఎత్తులకు ఆమె రాజు మూలన చిక్కుకున్నాడు. ఆట కట్టయింది.

అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయాను.

"మీ తమ్ముడు ఇవన్నీ చూస్తానే ఉండారు వదినా. చూసి కూడా కొట్టరు. మీరు గెలవాలని వదిలేస్తారు."

వదిన కాయల్ని సంచిలో వేస్తూ నా వైపు చూడకుండానే అంది. "తెలుసు పిల్లా."

"తెలిసినా ఎట్ల ఆడతారు?"

"వాడికి ఈ ఆట నేర్పించింది నేనే గదా. చిన్నప్పుడు ఓడిపోతే అన్నం తినడు, మామిడితోపులోకి పోయి చెట్టెక్కి కూచుంటాడు, ఎంత పిలిచినా దిగడు. ఇంకేం చేసేది? కాయలు వదిలేస్తా ఉంటిని. వాడు గెలిచి దిగి వచ్చేవాడు. ఇప్పుడు వాడు నాకు వదులుతాడు. నాకు తెలీదని వాడు అనుకుంటాడు. అట్లే అనుకోనీ."

నేను గెలిచిన ఆట అది. కానీ అక్కడ కూర్చున్న ఇద్దరిలో ఓడింది నేనే అనిపించింది. ఆయన వదిలేయడం ఒక్కటే అయితే దాన్ని ద్వేషించగలిగేదాన్ని. దాని వెనక ఒక చెట్టుంది, దాని మీద అలిగి కూర్చున్న చిన్న పిల్లవాడున్నాడు, కింద నిలబడి బతిమాలే అక్క ఉంది. నేను పుట్టకముందో, మంసాపురంలో పాకుతున్నప్పుడో జరిగిపోయింది అది. నేను ఎంత బాగా వండినా, ఎంత బాగా ఆడినా అందులోకి వెళ్ళడానికి దారి లేదు.

"నాతో అట్ల ఆడొద్దు వదినా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నాకు ఏమీ వదలొద్దు."

ఆమె చేతిలోని కాయను సంచిలో వేయబోయి ఆగింది. ఈసారి నన్ను సరిగ్గా చూసింది. నేను ఆ ఇంటికి వచ్చాక ఆమె నన్ను అంతసేపు చూడటం అదే మొదటిసారి.

"సరి. అయితే కూచో."

ఆ ఆటలో ఆమె నన్ను నలిపేసింది. నేను ఆమె కాయల్లో ఏది ఒంటరిగా ఉందా అని వెతుకుతూ ఉంటే, ఆమె మంత్రి వచ్చి ఒకే ఎత్తులో నా ఏనుగు మీదికీ గుర్రం మీదికీ నిలబడింది. రెండింటికీ కాపు లేదు. ఒకదాన్ని తప్పిస్తే ఇంకొకటి పోతుంది. మరో ఆటలో ఆమె ఒక బంటును ఊరికే ఇచ్చింది. ఆశపడి తీసుకున్నాను. తీసుకోవడానికి కదిలిన కాయే అంతవరకూ నా రాజు పక్కన కాపలా ఉంది. మరుసటి రోజు మామకు చెబితే ఆయన మంచం కోడు పట్టుకుని నవ్వారు.

"వాళ్ళ కాయల్ని అడిగినావు. నీ కాయల్ని అడగలేదు. ఎత్తు వేసే ముందర, చేతిలో కాయ పట్టుకోకుండా, మొదట నీ వాటిని చూసుకో. అప్పురం ఎదుటి కాయల మీద కన్ను పెట్టు."

మా ఆయన చోళపురం నుంచి తిరిగి వచ్చేసరికి ఇంట్లో వరస మారిపోయింది. సాయంత్రం ఆట ఆయనదే. మధ్యాహ్నం ఆట మాత్రం మాది. వదిన కునుకు తీయడం మానేసింది. మధ్యాహ్నం ఆట సాయంత్రానికి కూడా తెగని రోజులు వచ్చాయి. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి చూస్తే తన చోటులో నేను ఉండేదాన్ని.

"మీది ఎప్పుడు అయ్యేది?" అనేవారు.

"వంటింట్లో కాఫీ ఉండాది, పోసుకో తమ్ముడా" అనేది వదిన తల ఎత్తకుండా.

ఆయన గ్లాసు పట్టుకుని, నేను నిలబడే స్తంభం పక్కనే నిలబడేవారు. ఆ ముఖంలో ఏముందో చదవడం నాకు కష్టం కాలేదు. ఎన్ని నెలలు నేను అదే ముఖంతో అక్కడ నిలబడలేదు? జాలి పడాలని అనిపించలేదు. ఆట ఇంకొంచెం సాగదీశాను.

యుద్ధం జరిగినన్నాళ్ళూ అట్లా గడిచింది. బియ్యానికి రేషను, కిరసనాయిలుకు రేషను. చుట్టూ మిల్లులున్న ఊళ్ళోనే చీరకు వరసలో నిలబడ్డాం. మామ కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. నాకు ఆడపిల్ల పుట్టింది. వదిన పిల్లను ఒళ్ళో వేసుకుని ఒక చేత్తో ఆడేది. ఒకరోజు తాళాలగుత్తి తీసి నా ముందు గుడ్డ మీద పెట్టింది. "ఇది నీ దగ్గర ఉండనీ, వంగితే గుచ్చుకుంటాది" అంది, అంతే. అన్నాళ్ళు కోరుకున్న తాళాలు చేతికి వస్తే, ముందు ఆటలో ఎక్కడున్నామో మరిచిపోతానేమోనని పక్కన పెట్టాను.

మలయా నుంచి మాత్రం కబురు లేదు. దాని గురించి ఆమె నాతో మాట్లాడింది ఒక్కసారే. "ఆయనకు ఈ ఆట రాదు. నేర్పిద్దామని కాయలు పట్టుకుపోతే, ఈ కర్ర ముక్కలతో తలనొప్పి ఏంటికి అన్నాడు" అని చెప్పి నవ్వింది. ఆ నవ్వు మీద కూడా నాకు కొంచెం మంట పుట్టింది. ఆట రాని మనిషి గురించి అంత ఇష్టంగా నవ్వడం ఎందుకు?

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, ఒక మధ్యాహ్నం, వాకిట్లో జట్కా ఆగింది. మేము ఆట మధ్యలో ఉన్నాం. ఎత్తు వదినది. ఒక మనిషి లోపలికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది, ముందు పళ్ళు లేవు, వెంట్రుకలు నెరిసిపోయాయి. బిచ్చానికి వచ్చాడేమో అనుకుని నేను లేవబోయాను. వదిన అప్పటికే లేచింది. ఆమె చీర కుచ్చిళ్ళు తగిలి కాయలు సగం పడిపోయాయి. దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలోని మూట అందుకుని, "కాళ్ళు కడుక్కోండి, నీళ్ళు తెస్తాను" అంది. నీళ్ళు తేవడానికి వెళ్ళి బావి దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

ఇల్లంతా పండగైంది. వీధి వీధే వచ్చి చూసిపోయింది. మామ ఏడ్చారు. మా ఆయన బావగారి చెయ్యి వదల్లేదు. నేనూ సంతోషించాను, అబద్ధం కాదు. అందరికీ వండి వడ్డించాను. కానీ మధ్యాహ్నాలు వదిన ఆ మనిషి పక్కన కూర్చుని జావ చల్లారుస్తూ ఉంటే, పిల్లను ఎత్తుకుని ఆ గది ముందునుంచి అవసరం లేకున్నా అటూ ఇటూ తిరిగేదాన్ని. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఈరోజు ఆడదామా వదినా?"

"ఆయన నిద్ర లేస్తాడు పిల్లా" అంది.

ఆయన ఒళ్ళు కాస్త తేరుకున్నాక కోయంబత్తూరు మిల్లులో గుమాస్తా పని దొరికింది. రైలు స్టేషనుకు అందరం వెళ్ళాం. వదిన నా కూతుర్ని ముద్దుపెట్టుకుని నాకు అందించింది. పెట్టెలో కూర్చున్నాక కిటికీలోంచి భర్త తల మీదికి ఎండ పడకుండా తన కొంగు అడ్డం పెట్టింది. మా వైపు చూసి చెయ్యి ఊపింది గానీ, ఇంకో చెయ్యి కొంగు వదల్లేదు. బండి కదిలాక మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు. ఆ పళ్ళు లేని మనిషి మీద కోపంగా ఉంది.

తర్వాత చాలా రోజులు నాకు మధ్యాహ్నాలు గడిచేవి కావు. పక్కింట్లోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు మా ఇంటికి వచ్చి కూర్చునేది. ఆమెకు నేర్పించాను. గుర్రాన్ని మధ్యలో పెట్టి, వెనక బంటును పెట్టి, తీసి, "ఇప్పుడో?" అని అడిగాను. చురుకైన మనిషి. ఏడాది తిరిగేసరికి నన్నే ఓడించేది.

ఆ తర్వాత వేసవిలో వదిన మామను చూడ్డానికి వచ్చింది. ఆ వారమంతా నాదే అనుకున్నాను. వచ్చిన మరునాడు పక్కింటి కోడలు వచ్చి, "మీ మాట ఈ అక్క చెప్తానే ఉంటుంది, నాతో ఒక ఆట ఆడండి" అంది. ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. మొదటి ఆటలోనే వదిన ఉత్సాహం పట్టలేక మోకాళ్ళ మీదికి లేచింది. "ఈ పిల్ల బలే ఆడతాది. ఇన్ని రోజులు ఏంటికి చెప్పలేదు నాకు?" అని వంటింట్లోకి వినపడేలా అడిగింది. ఒకటయ్యాక ఇంకొకటి పేర్చారు. దాని తర్వాత ఇంకొకటి. ఎండ వసారా దాటి గోడెక్కింది.

వాళ్ళకు తినడానికి అప్పడాలు నేనే వేయించాను. రెండు మాడిపోయాయి. ఆ రెండూ పక్కింటి ఆమె పళ్ళెంలో వేశాను.